తెలియక తీసుకున్న నిర్ణయానికి బాధ్యత ఎవరిది?

ప్రశ్న: నా వయసు 36. చాలాకాలం కష్టపడి చదివి, ఇంటర్వ్యూలన్నీ దాటి ఒక మంచి ఉద్యోగం తెచ్చుకున్నాను. దానికోసం వేరే ఊరు మారాలి. ఒప్పుకుంటున్నానని ఫలానా తేదీలోపు మెయిల్ పంపాలి. గడువుకు ముందే కూర్చుని రాశాను. పంపాననే అనుకున్నాను. గడువు దాటాక ఇంకేదో వెతుకుతుంటే అది డ్రాఫ్ట్స్‌లో కనబడింది. అప్పటికే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు. కొన్నేళ్ళ క్రితం పిహెచ్‌డి సీటు కూడా ఇలాగే పోయింది. ఫీజు కట్టాల్సిన తేదీని తప్పుగా గుర్తుపెట్టుకున్నాను.

మావారికి సైకాలజీ పుస్తకాలంటే ఇష్టం. "నీకే వెళ్ళాలని లేదు, నీ అన్‌కాన్షస్ ఎప్పుడో నిర్ణయించేసింది, ఒప్పుకో" అంటారు. కాదంటే, "చూశావా, ఎంత గట్టిగా కాదంటున్నావో, అదే సాక్ష్యం" అంటారు. ఈమధ్య బంధువుల ముందు, నేను నమ్మి చెప్పిన మా తమ్ముడి అప్పుల సంగతి ఆయన బయటపెట్టేశారు. అదేమిటని అడిగితే, "నోరు జారింది, అన్‌కాన్షస్‌గా వచ్చేసింది, నేనేం చేయను" అన్నారు. మనకు తెలిసేలోపే మెదడు నిర్ణయం తీసేసుకుంటుందని ఒక వీడియో కూడా చూపించారు.

నాకు తెలియకుండా నాలో జరిగినదానికి నేను బాధ్యురాలినా? అవునంటే నా జీవితాన్ని నేనే పాడుచేసుకున్నట్టు. కాదంటే నేనొక కీలుబొమ్మనైనట్టు. రెండూ భరించలేకుండా ఉన్నాను. ఇంకొక్క మాట. ఆ డ్రాఫ్ట్ కనబడినప్పుడు గుండె జారిపోయింది, నిజమే. కానీ ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆయనకు చెప్పాలా?

(పేరు వద్దన్న పాఠకురాలు)

సమాధానం: మీవారి తర్కం ఒకసారి చూడండి. మీరు మెయిల్ పంపడం మర్చిపోతే అది మీ అన్‌కాన్షస్ తీసుకున్న నిర్ణయం, కాబట్టి బాధ్యత మీది. ఆయన మీ తమ్ముడి గుట్టు బయటపెడితే అది ఆయన అన్‌కాన్షస్ చేసిన పని, కాబట్టి బాధ్యత ఎవరిదీ కాదు. ఒకే మాట మీకు ఛార్జిషీటు, ఆయనకు బెయిలు. ఇది ఆయనొక్కరే చేస్తున్న పనేమీ కాదు. మనోవిశ్లేషణ గురించి నాలుగు పుస్తకాలు చదివినవాళ్ళలో చాలామంది ఇలాగే వాడుకుంటారు. కానీ రెండూ ఒకేసారి నిజం కావడం కుదరదు. తెలియకుండా చేసినదానికి బాధ్యత ఉంటే ఇద్దరికీ ఉంటుంది, లేకపోతే ఇద్దరికీ లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఉంటుంది. అయితే మీరు భయపడుతున్న అర్థంలో కాదు. ఆయన అంటున్న అర్థంలో అసలే కాదు.

ముందు ఆ వీడియోను పక్కన పెట్టేద్దాం. అది బహుశా అమెరికన్ నాడీశాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ ప్రయోగం గురించి అయివుంటుంది. 1983లో ఆయన బృందం కొందరిని కూర్చోబెట్టి, మీకు తోచినప్పుడు చెయ్యి కదపండి అని చెప్పింది. చెయ్యి కదలడానికి సుమారు అర సెకను ముందే మెదడులో ఒక విద్యుత్ సంకేతం మొదలైంది. కదపాలనిపించిందని వాళ్ళు చెప్పిన క్షణం మాత్రం దాని తర్వాత, కదలికకు దాదాపు ఐదో వంతు సెకను ముందు వచ్చింది. మనకన్నా ముందే మెదడు నిర్ణయిస్తుందన్న ప్రచారం అక్కడ పుట్టింది. 2012లో ఆరన్ షర్గర్ అనే నాడీశాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆ సంకేతానికి వేరే వివరణ ఇచ్చారు. అది ముందే అయిపోయిన నిర్ణయం కాకపోవచ్చు, మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు పోగై ఒక గీత దాటడమే కావచ్చు అన్నారు. ఆ చర్చ ఎటు తేలినా మీకు ఒరిగేదేమీ లేదు. చెయ్యి ఇప్పుడు కదిపినా రెండు సెకన్లు ఆగి కదిపినా ఎవరికీ పోయేదేం లేదు. ఊరు మారితే పోయేది చాలా ఉంది. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ మాట్లాడిన అచేతనం, అంటే మీవారు చెప్పే అన్‌కాన్షస్, ఈ రెండోరకం వ్యవహారాల్లోనే పనిచేస్తుంది. మనిషికి ఏదో కావాలి, కానీ అది కావాలని తనకు తెలియడం మాత్రం వద్దు. అక్కడ.

ఇక మీ మెయిల్. అది నిజంగా లోపలి నిర్ణయమేనా? తొందరపడి అవుననకండి. మరపులు, నోరు జారడాలు, వస్తువులు పోగొట్టుకోవడాలు బోలెడన్ని పోగేసి, వాటి వెనక ఏదో ఒక ఉద్దేశం ఉంటుందని ఫ్రాయిడ్ 1901లో ఒక పుస్తకంలో వాదించాడు. ఆస్ట్రియా పార్లమెంటు దిగువ సభ అధ్యక్షుడు సమావేశాన్ని ప్రారంభిస్తూ, సభ ముగిసిందని ప్రకటించిన ఉదంతం అందులోదే. ఆ సభ వల్ల మంచేమీ జరగదని, ఎప్పుడు అయిపోతుందా అని ఆయనకు ముందే ఉందన్నమాట. ఇలాంటివి వింటే నవ్వొస్తుంది, నమ్మబుద్ధి కూడా అవుతుంది. కానీ 1974లో సెబాస్టియానో టింపనారో అనే ఇటాలియన్ పండితుడు దీనికి గట్టిగా అడ్డం తిరిగాడు. పాత రాతప్రతుల్లో నకలు తీసేవాళ్ళు చేసే పొరపాట్లు ఆయనకు కొట్టినపిండి. ఫ్రాయిడ్ చెప్పిన ఉదాహరణల్లో చాలావాటిని మాటల పోలిక, అలవాటు, తెలిసిన మాట వైపు మనసు జారడం వంటి మామూలు కారణాలతోనే వివరించవచ్చని ఆయన వాదన. అందులో బలముంది. అలసిపోయిన మనిషి మర్చిపోతాడు. ఫోన్ మోగితే పని సగంలో వదిలేస్తాం, తిరిగొచ్చేసరికి అయిపోయిందనుకుంటాం. ప్రతి మరపు వెనకా ఒక కుట్ర వెతికే మనిషితో కాపురం చేయడం ఎంత నరకమో మీకు నేను చెప్పక్కర్లేదు.

అయినా అలసట అనే జవాబు మీ విషయంలో నాకు చాలడం లేదు. పిహెచ్‌డి సీటు ఒక కారణం. రెండుసార్లూ అన్ని మెట్లూ ఎక్కి, చివరి మెట్టు దగ్గరే ఆగారు. ఒకే రకం కథ పదేపదే జరిగే మనుషుల గురించి ఫ్రాయిడ్ 1920లో రాశాడు. స్నేహమన్న ప్రతిసారీ ద్రోహంతో ముగిసేవాళ్ళు, పైకి తెచ్చిన ప్రతి శిష్యుడూ చివరికి తిరగబడే గురువులు. వాళ్ళకది తలరాతలా కనబడుతుంది. బయటనుంచి చూసేవాళ్ళకు మాత్రం ఆ రాతలో వాళ్ళ చెయ్యి కూడా కనబడుతుంది. అయితే రెండుసార్లు జరిగినంత మాత్రాన అది లెక్కలోకి వస్తుందా అని మీరు అడగవచ్చు. రాదు. నన్ను ఆలోచనలో పడేసింది మీరు చివర్లో, దాదాపు రాయనా వద్దా అన్నట్టు రాసిన ఆ మాట: ఒక్క క్షణం హాయిగా అనిపించింది. మీవారి వాదనలన్నీ పక్కన పెట్టినా, ఈ ఒక్క మాట మీ సొంతది. మీరు మాత్రమే చెప్పగలిగింది.

దాన్నిబట్టి కూడా "నీకే వెళ్ళాలని లేదు" అన్న తీర్పు ఇవ్వడం కుదరదు. మీవారి మాటల్లో మీ లోపల ఇంకో ఆవిడ కూర్చుని, లాభనష్టాలు బేరీజు వేసి, వద్దని తీర్మానం చేసి, ఆ సంగతి మీకు తెలియకుండా దాచినట్టుంది. ఫ్రాయిడ్ ఊహించిన మనసు అలా ఉండదు. అందులో ఒకదానికొకటి పొసగని కోరికలు పక్కపక్కనే ఉంటాయి, దేన్నీ పూర్తిగా వదులుకోలేని మనిషి వాటి మధ్య ఒక రాజీ కుదురుస్తాడు. మీరు చేసిన పనే చూడండి. మెయిల్ రాశారు. వెళ్ళాలన్న కోరిక అబద్ధమైతే అది రాసేవారే కాదు, అంతకుముందు అంత కష్టపడేవారూ కాదు. పంపలేదు. ఉండిపోవాలన్న కోరికకు దాని వాటా దక్కింది. పంపానని నమ్మారు. దాంతో ఆ రెండు కోరికలూ ఒకదాని ముఖం ఒకటి చూసుకోవాల్సిన అవసరం తప్పింది. వెళ్ళాలని ఉన్న మాట నిజం, వెళ్ళాలని లేని మాటా నిజం. మీవారు అందులో సగమే పట్టుకుని మొత్తం తెలిసినట్టు మాట్లాడుతున్నారు, అందుకే మీకు ఒళ్ళు మండుతోంది. ఆ మంటలో న్యాయం ఉంది. లోపల మీరు ఏదో నిర్ణయించుకున్నారని నేననను. నిర్ణయించే పనిని గడువు తేదీకి అప్పగించారని అంటాను.

ఇలాంటిదే ఒక కేసు ఫ్రాయిడ్ 1909లో ప్రచురించాడు. ఎలుకల గురించిన ఒక భయంకరమైన ఊహ ఆ యువకుణ్ణి పట్టి పీడించేది కాబట్టి 'ఎలుకల మనిషి' అన్న పేరు స్థిరపడింది. అతను ప్రేమించిన అమ్మాయికి ఆస్తి లేదు. తల్లి వైపు బంధువుల్లో డబ్బున్నవాళ్ళ సంబంధం ఒకటి సిద్ధంగా ఉంది, చదువు అయిపోగానే పెళ్ళి అన్నారు. అతని తండ్రి కూడా ఒకప్పుడు ఇలాంటి సందిగ్ధంలో పడి డబ్బున్న ఇంటి అమ్మాయినే చేసుకున్నాడు. కొడుకు ఏం చేశాడు? ఎవరినీ కాదనలేదు. జబ్బుపడ్డాడు. జబ్బువల్ల చదవలేకపోయాడు, చదువు ఏళ్ళ తరబడి సాగింది, చదువు అవలేదు కాబట్టి పెళ్ళి మాట తేల్చాల్సిన పని పడలేదు. ఫ్రాయిడ్ అక్కడ ఒక పదునైన మాట అన్నాడు: ఇలాంటి జబ్బులో పైకి ఫలితంలా కనబడేదే నిజానికి దానికి కారణం. పని చేయలేకపోవడం జబ్బు తెచ్చిన నష్టం కాదు, జబ్బు వచ్చిందే పని ఆగడానికి. ఆ యువకుడు నాటకమాడలేదు, నిజంగానే నరకం అనుభవించాడు. ఆ బాధా నిజమే, దానివల్ల ఒక ప్రశ్న వాయిదా పడిందన్నదీ నిజమే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలనే మన అలవాటే ఇక్కడ మనల్ని ఇబ్బంది పెడుతుంది.

"నాకు తెలియకుండా నాలో జరిగినదానికి నేను బాధ్యురాలినా" అన్న మీ ప్రశ్నను ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ 1943లో తిరగేసి అడిగాడు. ఒక విషయం లోపల అణిచిపెట్టాలంటే, ఏది అణచాలో అణచేవాడికి తెలిసివుండాలి కదా? తెలిసే దాస్తున్నప్పుడు దానికి అచేతనం అని పేరెందుకు, ఆత్మవంచన అంటే సరిపోతుంది కదా? మంచి ప్రశ్నే. నాకు సార్త్ర్ వాదనలో సగం నచ్చుతుంది. మనిషి తన నుంచి తాను దాక్కోవడంలో చూపించే చురుకుతనాన్ని ఆయన సరిగ్గా పట్టుకున్నాడు. కానీ ఆయన మనిషి మరీ పారదర్శకంగా ఉంటాడు. కొంచెం నిజాయితీ ఉంటే లోపలున్నదంతా ఇట్టే కనబడిపోతుందన్నట్టు. అలా కనబడితే మీరు ఈ ఉత్తరం రాసేవారే కాదు.

ఇక బాధ్యత. ఈ ప్రశ్నను ఫ్రాయిడ్ 1925లో నేరుగా తీసుకున్నాడు, కలల నెపంతో. కలలో మనం చంపుతాం, మోసం చేస్తాం, సిగ్గుపడే పనులు చేస్తాం. వాటికి మనం బాధ్యులమా? అవును, బాధ్యత తీసుకోవాల్సిందే, ఇంకేం చేయగలం అన్నది ఆయన జవాబు సారం. ఆ కల ఏ దయ్యమో బయటనుంచి పంపింది కానప్పుడు అది నాలోని భాగమే. నాలో నాకు తెలియనిది, అణిగి ఉన్నది 'నేను' కాదు అని తప్పుకుంటే తప్పుకోవచ్చు. కానీ అలా నాది కాదన్నది నాలో ఉండటమే కాదు, అప్పుడప్పుడు నాలోంచి పని కూడా చేస్తుందని అనుభవం మీద తెలుస్తుందంటాడు. మీ డ్రాఫ్ట్స్ ఫోల్డర్ చెప్పింది సరిగ్గా ఇదే.

కానీ అదే ఫ్రాయిడ్ అంతకు పాతికేళ్ళ ముందు, కలల మీద రాసిన పెద్ద పుస్తకం చివర్లో, ఒక రోమన్ చక్రవర్తిని తప్పుపట్టాడు. తనను హత్య చేసినట్టు కలగన్నాడని ఆ చక్రవర్తి తన ప్రజల్లో ఒకణ్ణి చంపించాడట. ముందు ఆ కలకు అర్థం ఏమిటో తెలుసుకోవాల్సింది అన్నాడు ఫ్రాయిడ్. పైకి కనబడే అర్థం అసలు అర్థం కాకపోవచ్చు. అదే అయినా, కలగన్నవాడు చేసినవాడు కాడు. 1925 వ్యాసంలో కూడా, సమాజం అవసరాల కోసం చట్టం విధించే బాధ్యత వేరని, అది మనిషి తెలిసి చేసిన భాగానికే పరిమితమని వేరు చేసి చూపించాడు. అంటే బాధ్యతలు రెండు. ఒకటి ఇంకొకరు మనల్ని నిలబెట్టి అడిగేది. అది శిక్ష కోసం, నష్టపరిహారం కోసం. రెండోది మనల్ని మనం అడిగేది. ఇది నాది కాకపోతే ఇంకెవరిది, నాదైతే దీంతో ఇప్పుడు ఏం చేయాలి? మొదటి రకం బాధ్యతను అచేతనం మీద మోపడం ఆ చక్రవర్తి చేసిన పనే. మీవారు చేస్తున్నదీ అదే, కత్తి లేకుండా. రెండో రకాన్ని మీరొక్కరే తీసుకోగలరు, మీ తరఫున ఎవరూ తీసుకోలేరు, మీ మీద ఎవరూ రుద్దలేరు.

మీరు భయపడుతున్నది నేరభావన గురించి. దాన్ని బాధ్యతతో కలిపేస్తున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్ళు దొంగలే కానక్కర్లేదు. తప్పు చేశాక నేరభావన రావడమే కాకుండా, ముందే ఉన్న నేరభావన కోసం మనుషులు తప్పు చేస్తారని కూడా ఫ్రాయిడ్ 1916లో రాశాడు. దేనికో తెలియని ఆ బరువుకి ఒక కారణం దొరికితే ప్రాణానికి కాస్త ఊరట. "నా జీవితాన్ని నేనే పాడుచేసుకున్నాను" అని రోజూ తిట్టుకోవడం చాలా బాధ్యతగా కనబడుతుంది, కానీ అది పనిని ఒక్క అంగుళం కూడా ముందుకు నడపదు. పైగా దర్యాప్తు మూసేస్తుంది. నేను చెడ్డదాన్ని, అంతే, ఇక చూడటానికి ఏం లేదు. చూడాల్సింది ఇంకా మొదలే కాలేదు.

కీలుబొమ్మ భయానికి కూడా ఒక మాట. 1901 పుస్తకంలోనే ఫ్రాయిడ్ ఒక వింత గమనించాడు. చిన్నచిన్న విషయాల్లో మనకు స్వేచ్ఛ ఉన్నట్టు గట్టిగా అనిపిస్తుంది, ఇది కాకపోతే అది చేసేవాణ్ణి అనుకుంటాం. జీవితంలో అతిపెద్ద నిర్ణయాల దగ్గర మాత్రం ఆ భావన ఉండదు, ఇంకోలా చేయలేకపోయాను అంటాం. క్రైస్తవ మత సంస్కర్త మార్టిన్ లూథర్ చెప్పాడని పేరున్న "ఇక్కడ నిలబడ్డాను, ఇంకోలా చేయలేను" అన్న మాటను ఆయన ఉదాహరణగా ఇచ్చాడు. లూథర్‌ను ఎవరూ కీలుబొమ్మ అనరు. అంటే మనల్ని లోపల్నుంచి ఏదో నడిపించినంత మాత్రాన మనం మాయమైపోము. ఆ నడిపించినదాన్ని మనం గుర్తుపట్టి, ఇది నేను అనగలుగుతున్నామా లేదా అన్నదగ్గరే తేడా వస్తుంది. లూథర్ అనగలిగాడు. మీ మెయిల్ విషయంలో మీరు ఇంకా అనలేకపోతున్నారు. తేడా అంతవరకే.

ఒక హద్దు కూడా గీయాలి, ఎందుకంటే ఈ బాధ్యత మాట చేతికి దొరికితే దాంతో మనుషుల్ని నలిపేయవచ్చు. ఫ్రాయిడే ఒకసారి ఆ హద్దు దాటాడు. 1900లో ఒక పద్ధెనిమిదేళ్ళ అమ్మాయి ఆయన దగ్గరికి వచ్చింది, ఆమెకు ఆయన పెట్టిన మారుపేరు డోరా. తండ్రికి ఒక స్నేహితుడి భార్యతో సంబంధం. ఆ స్నేహితుడు ఈ అమ్మాయి వెంటపడుతున్నా తండ్రి చూసీచూడనట్టు ఊరుకున్నాడు. ఈ గందరగోళంలో నీ పాత్ర ఏమిటి, ఇన్నాళ్ళూ దీనికి నువ్వు ఎలా సహకరించావు అని ఫ్రాయిడ్ ఆమెను అడిగాడు. ఆ ప్రశ్నలో నిజం లేకపోలేదు, తర్వాత ఫ్రెంచ్ మనోవిశ్లేషకుడు లకాన్ వంటివాళ్ళు దాన్ని చాలా మెచ్చుకున్నారు. కానీ నీకు ఆ మగమనిషి మీద లోపల ప్రేమ ఉంది, అందుకే ఈ జబ్బు అని ఆయన మళ్ళీ మళ్ళీ పట్టుబట్టాడు. ఆమె మూడు నెలలు తిరక్కుండానే వైద్యం మానేసి వెళ్ళిపోయింది. నా దృష్టిలో ఆమె సరైన పనే చేసింది. పెద్దవాళ్ళు తనకు చేసినదాన్ని ఒక పిల్ల కోరిక ఖాతాలో రాయడం అన్యాయం. మీ విషయంలో కూడా లెక్క సరిగ్గా వేసుకోండి. మెయిల్ పంపకపోవడం మీది. ఒక ఉద్యోగం కోసం ఇల్లంతా ఊరు మారాల్సి రావడం, అందులో ఎవరి సౌకర్యం ఎవరు చూసుకున్నారన్నది మీ ఒక్కరిదే కాదు. మీరు వెళ్ళడం గురించి ఇంట్లో ఎవరేమన్నారో ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు. రాయడం మర్చిపోయారా అని అడగాలని ఉంది, కానీ ఆ ఆట నేనూ మొదలుపెడితే బాగుండదు.

మీరు కాదంటే అదే సాక్ష్యం అన్న మీవారి ఎత్తు కూడా పాతదే. బొమ్మ పడితే నాది గెలుపు, బొరుసు పడితే నీది ఓటమి అన్న పద్ధతిలో మీరు వాదిస్తారని ఫ్రాయిడ్‌ను ఒకరు ఎత్తిపొడిచారు. 1937లో ఆయన దానికి జవాబు రాశాడు. మనిషి అవునన్నా కాదన్నా దాన్నే రుజువుగా తీసుకోకూడదని, ఆ తర్వాత ఆ మనిషి సొంతంగా ఏ కొత్త జ్ఞాపకాలు, ఏ కొత్త ఆలోచనలు తెస్తాడో వాటినిబట్టే తెలుస్తుందని చెప్పాడు. అంతకు ముందు, 1910లో, ఎదుటివాడి అచేతనంలో ఏముందో వాడి మొహాన చెప్పేసే అలవాటును ఆయన తీవ్రంగా తప్పుపట్టాడు. కరువులో ఆకలితో ఉన్నవాళ్ళకు వంటకాల జాబితా పంచిపెట్టడంతో సమానం అన్నాడు. పైగా మీవారు ఈ వ్యవహారంలో పక్షం ఉన్న మనిషి. మీరు వెళితే ఆయన జీవితం కూడా మారేది. ఆయన చెప్పింది నిజమైనా, చెప్పాల్సిన మనిషి ఆయన కాదు.

మరి మీరు చేయాల్సిందేమిటి? ఎందుకు చేశాను అని అడగడం కొన్నాళ్ళు ఆపండి. ఎందుకు అన్న ప్రశ్నకు మనసు వెంటనే ఏదో ఒక గౌరవప్రదమైన కారణం తయారుచేసి ఇస్తుంది, లేకపోతే ఒక శిక్ష ఇస్తుంది. దాని బదులు ఆ హాయి దగ్గర కాసేపు ఉండండి. దేని నుంచి తప్పించుకున్నట్టు అనిపించింది? కొత్త చోట ఓడిపోతానేమో అన్న భయం నుంచా, గెలుస్తానేమో అన్న భయం నుంచా? రెండోది వింతగా అనిపించవచ్చు గానీ అరుదేమీ కాదు. కోరుకున్నది చేతికి అందే సమయానికే కుప్పకూలిపోయే మనుషుల గురించి ఫ్రాయిడ్ 1916 వ్యాసంలోనే ఒక భాగం రాశాడు. లేదా ఎవరినైనా వదిలి వెళ్ళాల్సిన పని తప్పిందన్న హాయా? జవాబు నాకు తెలియదు, ఊహించను కూడా. పిహెచ్‌డి సీటు పోయినప్పుడు కూడా ఆ హాయి ఉందేమో గుర్తుచేసుకోండి. ఏ ఆలోచన వచ్చినా, అది పనికిమాలినదిగా కనబడినా, రాసుకోండి. ఒకట్రెండు రోజుల్లో తేలే పని కాదు. 1914లో ఫ్రాయిడ్ చెప్పిన విషయం నాకు ఇక్కడ చాలా ఇష్టం. మనిషి గుర్తుచేసుకోలేనిదాన్ని పనుల్లో మళ్ళీ మళ్ళీ చేసి చూపిస్తాడు. తన జబ్బును చీదరించుకోవద్దు, అది తన వ్యక్తిత్వంలో ఒక ముక్క, ముందు జీవితానికి కావలసిన విలువైనవి దాంట్లోంచే తీసుకోవాలి అన్నాడు. ఉండిపోవాలనుకున్న మీలోని ఆవిడలో కూడా విలువైనది ఏదో ఉండి ఉంటుంది. ఆవిడను తిట్టి పంపేయకుండా ఆవిడ మాట కూడా వింటే, ఈసారి మీరు వెళ్ళవచ్చు, ఉండిపోవచ్చు, ఏదైనా మీకు తెలిసే చేస్తారు.

పెద్ద నిర్ణయాల గురించి ఫ్రాయిడ్ తనకు ఇచ్చిన సలహాను ఆయన శిష్యుడు థియోడర్ రైక్ 1948లో రాశాడు. చిన్న విషయాల్లో లాభనష్టాలు లెక్కవేసుకోవడం మంచిదే, కానీ పెళ్ళి, వృత్తి వంటివాటిలో నిర్ణయం మన లోపలి లోతుల నుంచే రావాలన్నాడట. దీన్ని "మనసు చెప్పినట్టు చెయ్" అని అర్థం చేసుకుంటే ప్రమాదం, మీ మనసు ఇప్పటికే రెండు రకాలుగా చెప్పింది. లోపలి మాట వినాలంటే ముందు అది చాటుగా పనిచేయాల్సిన అవసరం లేకుండా చేయాలి. ఇలాంటి అవకాశం మళ్ళీ వస్తే, గడువు కన్నా చాలా ముందే "నాకు వెళ్ళాలని లేదు" అని ఎవరో ఒకరి ముందు పైకి అని చూడండి. అన్నాక ఎలా ఉంటుందో గమనించండి. మెయిల్ పంపే పని మాత్రం ఆ రోజు ఒక స్నేహితురాలి ఎదురుగా చేయండి. ఇంత తాత్విక చర్చ తర్వాత ఈ సలహా చప్పగా ఉంటుందని తెలుసు, కానీ పనికొస్తుంది. మూడోసారి కూడా చివరి మెట్టు దగ్గరే ఆగితే, లేదా ఈ తిట్టుకోవడం వల్ల నిద్ర, ఆకలి, రోజువారీ పనులు దెబ్బతింటుంటే, శిక్షణ పొందిన థెరపిస్ట్‌ను కలవండి. పుస్తకాలు చదివిన భర్త ఆ స్థానంలోకి రాలేడు, ఉత్తరాలకు జవాబులు రాసే నేనూ రాలేను.

ఆయనకు చెప్పాలా అన్నారు. ఇప్పుడే వద్దు. ఇప్పుడు చెబితే అది ఒప్పుకోలు అవుతుంది, కేసు మూసేస్తారు. ముందు ఆ హాయి ఏమిటో మీకు కొంతైనా అర్థం కానివ్వండి. తర్వాత చెప్పాలనిపిస్తే, "మీరన్నదే నిజం" అని మొదలుపెట్టకండి. "రాసినప్పుడు నిజంగా వెళ్ళాలనే ఉంది, పంపలేదని తెలిసినప్పుడు కొంచెం హాయిగా అనిపించింది, రెండూ నావే, వాటి సంగతి నేను చూసుకుంటున్నాను" అని చెప్పండి. అదే రోజు మీ తమ్ముడి విషయం కూడా తీయండి. ఎందుకు నోరు జారింది అని అడగకండి, దానికి ఆయన దగ్గర జవాబు రెడీగా ఉంది. ఆ మాట అందరి ముందు అనడం వల్ల మీకు ఏం దక్కింది అని అడగండి, కాస్త ఆగి వినండి. ఆయన ఏం చెప్పినా చెప్పకపోయినా ఒక పని మాత్రం మిగిలే ఉంటుంది. మీ తమ్ముడికి ఫోన్ చేసి క్షమించమని అడగాలి. అది ఆయనే చేయాలి, ఆయన తరఫున మీరు చేయకండి.